రాని రైలును ఆపిన రోజు

నా కొడుకు మిలట్రీలో సిపాయి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న కాలంలో సెలవు మీద వచ్చి, తిరిగి పోయే ముందు నన్ను జనగామలో ఒక యుద్ధం సినిమాకు తీసుకుపోయాడు. అందులో జనరల్ చల్లటి గదిలో కూర్చుని, ఒక బోడగుట్టను పట్టుకొమ్మని ఫోనులో హుకుం ఇస్తాడు. పట్టేసరికి సగం మంది చస్తారు. తీరా పటం తిప్పి చూస్తే ఆ గుట్ట మొదటి నుంచీ తమదే. అయినా పతకం తగిలించుకుని ఫొటో దిగుతాడు.

హాలంతా ఒకటే నవ్వు. నాకు రాలేదు.

"మీ పెద్దసారు గూడ గిట్లనే ఉంటడారా?" అన్నాను.

"ఊకో బాపు, సినిమా సూడు."

మర్నాడు వాడు స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కాలి. గడువుకు హాజరు కాకపోతే శిక్ష. ఆ పొద్దున్నే ఊళ్లో డప్పు మోగింది: ఇంటికొక్కరు రైలు పట్టాల మీదికి రావాలని. రాని ఇంటిని ఊరు మాటలతోనే చంపుతుంది. మా ఇంటి మనిషిగా నేను పోయి పట్టాల మీద కూర్చున్నాను. రాష్ట్రం నాకూ కావాలి. నా కొడుకు ప్లాట్‌ఫారం మీద పెట్టె పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"సారూ, గీ ఒక్క బండిని ఇడువున్రి. పిల్లగాడు డ్యూటీకి పోవాలె" అని, హైదరాబాద్ నుంచి వచ్చి మమ్మల్ని కూర్చోబెట్టిన ఉద్యమ నాయకుణ్ణి అడిగాను.

"కాకా, యుద్ధంల ఒక్కని కోసం ఆగుతమా?"

ఎండ నెత్తికెక్కాక స్టేషన్ మాస్టర్ వచ్చాడు. "పొద్దుగాలనే బండ్లన్నీ రద్దు చేసిన్రు. మీరు ఆపేటందుకు ఏం రావు, లేవున్రి" అన్నాడు.

నాయకుడు సిగ్గుపడలేదు. మైకు అందుకుని, మన దెబ్బకు రైళ్లే భయపడ్డాయన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. కెమెరాలు సర్దుకోగానే ఆయన హైదరాబాద్ పోవడానికి కారెక్కాడు. బస్సులూ బంద్. పరుగున పోయి కారు తలుపు పట్టుకున్నాను.

"పిల్లగాన్ని జర పట్నం దాక ఎక్కించుకోన్రి సారూ."

"జాగ లేదు కాకా." వెనక సీటులో పూలదండలున్నాయి.

వాడు ఆలస్యంగానే చేరాడు. కొన్నాళ్లకు ఫోను చేశాడు. బరువు మూట వీపున కట్టి మైదానం చుట్టూ ఉరికించారట, దసరా సెలవు కూడా కోసేశారట.

నా భార్య పక్కనే కూర్చుని అంతా వింది. ఫోను పెట్టేశాక అంది:

"రాష్ట్రం ఎప్పుడొస్తదో గని, గా కారుల కూసున్నోడు పండుగకు ఇంటికాన్నే ఉంటడు."