ఎర్రమట్టి అనుకున్నాం

ఆ రోజు డ్యూటీ దిగి బూటు విప్పితే సాక్సు కాలికి అంటుకుపోయి ఉంది. లాగేసరికి ప్రాణం పోయినంత పనైంది. మడమకు పైన చిన్న పుండు, దాని చుట్టూ ఎరుపు కలిసిన ఊదారంగు అంచు. నేను బైలాడీలా ఇనుప గనిలో రాయి మోసే డంపర్ లారీ నడిపేవాణ్ణి. మేముండే గని ఊరు బచేలిలో మా బట్టలు, తలగడలు, చివరికి చెవులు కూడా ఎర్రగానే ఉంటాయి. అందుకే ఆ రంగు చూసి నేనూ మా ఆవిడ లలితా కంగారు పడలేదు. ఇనుపరాయి ధూళి పుండులోకి దిగిందనుకున్నాం.

"మట్టి ఉండిపోతే మానదండి. కొంచెం ఓర్చుకోండి," అంటూ లలిత రోజూ సబ్బునీళ్లలో దూది ముంచి అంచులు రుద్దేది. మా గనివాళ్ల ఇళ్లలో దెబ్బకు మొదటి వైద్యం అదే. రుద్దినకొద్దీ పుండు పెద్దదైంది. ఒక క్లినిక్‌లో అంచులు కోసి డ్రెస్సింగ్ చేస్తే అరచేయంత అయింది. మెట్లెక్కితే ఆయాసం, పళ్లు తోముకుంటే రక్తం. వాటికీ ధూళినే తిట్టుకున్నాను.

జ్వరం కూడా రావడంతో విశాఖ రైలెక్కాం. సొరంగం వచ్చినప్పుడల్లా లలిత నా చెయ్యి గట్టిగా పట్టుకునేది. నాకు ఒకటే భయం, కాలు తీసేస్తారేమోనని.

అక్కడి స్కిన్ డాక్టరమ్మ పుండును చాలాసేపు చూశారు. "దీన్ని ఇక ఎవరూ రుద్దొద్దు, కొయ్యొద్దు. ఇది మట్టి రంగు కాదు. పయోడెర్మా గ్యాంగ్రినోసమ్ అనే చర్మజబ్బులా ఉంది. గాయం చేసినకొద్దీ పెరుగుతుంది."

"కాలు ఉంటుందా అండీ?" అని అడిగాను.

"ముందు మీ రక్తం చూడాలి. ఇలాంటి పుండు వెనక ఒక్కోసారి రక్తం జబ్బు ఉంటుంది."

సీబీసీ అనే రక్తపరీక్షలో కణాలన్నీ తక్కువే వచ్చాయి. పుండుకు బయాప్సీ చేశారు, తుంటి ఎముక నుంచి బోన్ మారో, అంటే మూలుగ, తీశారు. ఎండీఎస్ అన్నారు. మూలుగలో రక్తం సరిగా తయారవడం లేదట, వదిలేస్తే బ్లడ్ క్యాన్సర్‌గా మారవచ్చట. నేను ఏడ్చేశాను. లలిత తన చేతులకేసి చూసుకుంటూ, "నేనే రుద్ది రుద్ది..." అంది.

"మీరు రుద్దితే రక్తం చెడలేదమ్మా. ఈ పుండే లేకపోతే ఈయన ఇంకా ఆలస్యంగా వచ్చేవారు," అన్నారు డాక్టరమ్మ.

స్టెరాయిడ్లతో ముందు నొప్పి తగ్గింది, షుగర్ పెరిగింది. మూలుగ జబ్బుకు ఇంజెక్షన్లు మొదలయ్యాక ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ఇన్ఫెక్షన్ వచ్చి ఐసీయూలో పడ్డాను. ఇక పోతాననుకుని బీరువా తాళం ఎక్కడుందో లలితకు చెప్పాను. "ఇంటికెళ్లాక మీరే తీద్దురు లెండి," అంది.

ఎలాగో గట్టెక్కాను. ఇప్పుడు కాలు ఉంది. పుండు ఉన్నచోట పల్చటి మచ్చ మిగిలింది. డంపర్ మానేసి తేలిక పని చేస్తున్నాను. జబ్బు పూర్తిగా పోలేదు, ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. సీబీసీకి రక్తం ఇచ్చిన ప్రతిసారీ రిపోర్టు వచ్చేదాకా ముద్ద దిగదు.

తోటి గనివాళ్లకు ఒక్కమాట. శుభ్రం చేసినకొద్దీ పెరిగే పుండును ఇంకోసారి రుద్దకండి. స్కిన్ డాక్టరుకు చూపించి, రక్తపరీక్ష కూడా చేయించమని మీరే అడగండి.

ఇప్పటికీ నా కాలి మీద ఎర్రరంగు కనిపిస్తే లలిత చెంబుతో నీళ్లు మాత్రమే పోస్తుంది, చెయ్యి తగలనివ్వదు. ఇద్దరం ఊపిరి బిగబట్టి చూస్తాం. నీళ్లతో పాటు ఎరుపు జారిపోతే, "మట్టేనండీ," అంటుంది.