నల్లా పైపు మీద రెండు దెబ్బలు

మొన్న మా గల్లీల కొత్త నీళ్ల పైపు కోసం తవ్వుతుంటే, కూలాయన గడ్డపార పాత ఇనుప పైపుకు తగిలి ఠంగుమన్నది. వంటింట్ల చింతపండు పిసుకుతున్న నేను చెయ్యి సుత కడుక్కోకుండ బిందె తెచ్చి గోడకున్న పాత నల్లా కింద పెట్టిన. ఆ నల్లాకు నీళ్లు రాక ఎన్నేండ్లయిందో. మా కోడలు నా దిక్కు ఒక తీరుగ చూసి, బిందె తీసి లోపల పెట్టింది. ఆ పిల్లకు ఏమని చెప్పేది? ఇనుప పైపుల కాలం చూసిన మీ అసొంటోళ్లకైతే అర్థమైతది.

మారేడ్‌పల్లిల మా గల్లీ గుట్ట మీదికి ఎక్కుతది. నేను కోడలుగ వచ్చిననాడు పైన కొసకున్నది మా ఇల్లు, కింద మలుపు కాడున్నది కింది పెద్దమ్మ ఇల్లు. ఆమె మాకు చుట్టం కాదు, కింద ఉంటది గనుక కింది పెద్దమ్మ, అంతే. గల్లీ మొత్తానికి ఒకటే పైపు. పొద్దుగాల నీళ్లు వదిలితే కిందోళ్ల నల్లాలు ధారగ పోస్తుండె, మా నల్లా ముసలాయన ఆయాసం లెక్క గాలి ఊదుతుండె. నీళ్లు పల్లమెరుగు అని ఊరికే అన్నరా? కింద నల్లాలన్నీ కట్టేస్తే గానీ అవి గుట్ట ఎక్కవు.

అందుకని మా అత్తమ్మ, కింది పెద్దమ్మ నేను రాకముందే ఒక కట్టుబాటు చేసుకున్నరు. కిందోళ్లు తాగేటందుకు, వండేటందుకు పట్టుకున్నంక పెద్దమ్మ ఇల్లిల్లు తిరిగి నల్లాలు కట్టేపిచ్చి, ఆఖరుకు తనది కట్టేసి, పసుపు దంచే ఇనుప రోకలితోని పైపు మీద రెండు దెబ్బలు కొట్టేది. నీళ్లకంటె ముందు ఆ చప్పుడు ఇనుము ఎంబడి మా ఇంటికి ఎక్కొచ్చేది. మావి నిండినంక అత్తమ్మ పైనుంచి రెండు కొడితే, కిందోళ్లు బట్టలకు, గిన్నెలకు మళ్ల తిప్పుకునేటోళ్లు. మాకు నీళ్లు తక్కువైన పొద్దు నేను దిగిపోతే, పెద్దమ్మ "ఏం పిల్లా, మీ అత్త తానానికి గండిపేట చెరువు సుత చాలదా" అని ఎక్కిరిచ్చుకుంటనే తన గోలెంలకెళ్లి ముంచి పోసేది.

ఎండకాలం ధార సన్నగైతే మాత్రం ఈ పంపకం అంత సులువుగ నడవకపోయేది. కింద బట్టలు కుట్టేటాయన భార్య నల్లాకు గుడ్డ చుట్టి, చప్పుడు గాకుండ పట్టుకునేది. పెద్దమ్మ పోయి ఆమె గోలెంల చెయ్యి పెట్టి చూసి, "దాస్తే నీళ్లు పిల్లలు పెడ్తయానే? పైన బాలింత ఉన్నది, కట్టెయ్" అన్నదట. ఆ బాలింతను నేనే.

ఆ ఎండకాలమే, నా కొడుకు ఇంక ఉయ్యాల్ల ఉండంగ, ఒక పొద్దు నీళ్లు చప్పుడు లేకుండ వచ్చినయి. ఎన్నడు లేనంత ధారగ వచ్చినయి. నేను సంబురంగ బిందెల మీద బిందెలు నింపుతున్న, అత్తమ్మ మాత్రం నిలబడ్డకాడనే నిలబడ్డది.

"నీళ్లొచ్చినయి గానీ, చప్పుడేది పిల్లా?"

మర్చిపోయిందేమో అన్న నేను. అత్తమ్మ పైపు మీద రెండు దెబ్బలు కొట్టి చెవి ఆనిచ్చింది. కిందికెళ్లి ఏం రాలే. చెప్పులు సుత తొడుక్కోకుండ గల్లీ దిగింది, పిల్లగాన్ని చంకనేసుకొని ఎనుక నేను.

పెద్దమ్మ నల్లా కాడ గోడకు ఆనుకొని కూసొని ఉన్నది. నల్లా గట్టిగ కట్టేసి ఉన్నది. ఒడిల రోకలి, దాని మీద ఆమె చెయ్యి. కొడుకు రైల్వే డ్యూటీకి పోయిండు, ఇంట్ల ఎవరు లేరు. చెయ్యి ముట్టుకుంటే తడిగ, సల్లగ ఉన్నది. ఆ సల్లదనం నల్లా నీళ్లదో, పానం పోయిందో నాకు ఎరుకగాలే. అత్తమ్మకు ఎరుకైంది.

కొడుకొచ్చి ఆఖరి తానం పొయ్యాలనేసరికి కింద తాగేటివి తప్ప ఎవరింట్ల నీళ్లు లేవు, ఆ గడబిడల ఎవరు మళ్ల తిప్పుకోకముందే నల్లా బందైంది. ఉన్నయల్ల మా ఇంట్ల, పొద్దుగాల ఆమె ఎక్కిచ్చినయే. ఆడోళ్లమంత వాటినే మోసుకొచ్చినం. బట్టలు కుట్టేటాయన భార్య సుత గుట్టెక్కి నిండు బిందె నెత్తిన పెట్టుకున్నది. అత్తమ్మ ఆమె మీద మొదటి చెంబు పోసుకుంట మెల్లగ, "ఎక్కిచ్చినవు గద అక్కా, దించుకొచ్చినం" అన్నది.

ఆ తర్వాత కింద ఎవరో ఒకరు కొట్టిన్రు గానీ, ఆ చెయ్యి వేరు. మోటర్లొచ్చినంక ఎవరి మోటర్ బలం వాళ్లది. మలుపు కాడ అపార్ట్‌మెంట్ లేచింది, మాకు ట్యాంకరొస్తది. కానీ ఎండకాలం పొద్దుగాల వంటింట్ల ఒక్కదాన్నే ఉంటే పాత నల్లా గాలి ఊదినట్టయి, ఎనుకనే రెండు దెబ్బలు వినిపిస్తయి. ఎండకు ఇనుము సాగుతదమ్మా, అంటడు నా కొడుకు. సాగుతదేమో. నేను మాత్రం బదులు కొట్టకుండ ఇన్నేండ్లు ఉండలేకపోయిన.

నిన్న ఆ ఇనుప పైపును ముక్కలు చేసి ట్రాలీల ఏసుకపోయిన్రు. కొత్తది ప్లాస్టిక్‌ది. ఎవరు చూడకుండ రోకలితోని కొట్టి చూసిన, డబ్బుమని అక్కడికక్కడనే ఆగిపోయింది. ఇంకమీదట నీళ్లు ఎవరినీ అడిగే పని లేకుండ గుట్ట ఎక్కుతయట, మంచిదే. మలుపు కాడ ఇప్పుడు ఎవరుంటున్నరో నాకు తెల్వదు, పైన నేనున్నట్టు వాళ్లకు తెల్వదు. నీళ్లు రాకుంటే ట్యాంకర్‌కు ఫోన్ చేస్తం. చప్పుడు రాకుంటే, ఎవరు దిగొస్తరు?