రెండు ఎర్ర గుండ్రాలు

ఇరవై ఏళ్లు వాయుసేనలో విమానాల కింద వెల్లకిలా పడుకుని బోల్టులు బిగించినవాణ్ణి. పని పూర్తయ్యాక సంతకం పెట్టడం, సంతకం పెట్టాక దాన్ని ఇంకెవరూ ముట్టుకోకుండా చూడటం, నాకు తెలిసిన ధర్మం ఇంతే. రిటైరై నందిగామ వచ్చాక రెండు మూడు వర్క్‌షాపుల్లో చేరాను కానీ ఎక్కడా నాలుగు నెలలు నిలవలేదు. నోటి దురుసు. అరిగిపోయిన నట్టు మళ్లీ వాడితే ఓనరైనా సరే, కస్టమర్ల ముందే కడిగి పారేసేవాణ్ణి.

అలాంటి నన్ను జగ్గయ్యపేటలో మిర్చి హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. పిల్లల్లేరు. ఇద్దరు కూర్చునే చిన్న విమానం కొన్నాడు, నడపడం నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. చిల్లకల్లు దగ్గర హైవేకి లోపలగా ఉన్న సొంత చేను చదును చేయించి, క్రషర్ డస్టు పోయించి, రోలరు తిప్పించి, దాన్ని రన్‌వే అన్నాడు. అంతకుముందు పత్తి నిల్వ చేసిన రేకుల షెడ్డే హ్యాంగరు.

"మీకు కోపం ఎక్కువని అందరూ చెప్పారండి. నాక్కావాల్సింది అలాంటి మనిషేనండి," అన్నాడు.

ఆ ఒక్క మాటకి పడిపోయాను. ఆయన నన్ను మాస్టారూ అని పిలిచేవాడు. చెప్పింది బుద్ధిగా వినేవాడు. ఎగరడం సరదా కానీ, యంత్రాన్ని చూస్తే భయముండేది ఆయనకి. భయమున్నవాడే మంచి పైలట్ అని నా నమ్మకం.

ఎనిమిది మిర్చి బస్తాలంత బరువుంటుందేమో ఆ విమానం. కానీ చాకిరీ మాత్రం ఏనుగుకి చేసినంత. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి క్వారీలు. వారం తిరగకుండా ఎయిర్ ఫిల్టరు బూడిద రంగుకి తిరిగేది. పెట్రోలు గొట్టాలు ఉబ్బుతున్నాయేమోనని వేలితో తడిమి చూసేవాణ్ణి. ఎండాకాలంలో పక్క రైతులు రన్‌వే మీద మిరపకాయలు ఆరబోస్తే వాళ్లతో ఒక యుద్ధం. అన్నిటికంటే పెద్ద శత్రువు కుమ్మరి పురుగు. బెజ్జం కనిపిస్తే చాలు, మట్టితో గూడు కట్టేస్తుంది.

విమానానికి తోక వైపు, ఇటొకటీ అటొకటీ, సూది దూరేంత బెజ్జాలు రెండుంటాయి. బయటి గాలి ఒత్తిడి వాటిలోంచే లోపలి మీటర్లకు తెలుస్తుంది. అవి పూడిపోతే స్పీడు మీటరూ ఎత్తు చూపే మీటరూ రెండూ అబద్ధాలాడతాయి. ఒకరోజు ఎడమ బెజ్జంలో మట్టి కనిపించింది. నాకు ఒళ్లు మండిపోయి, ఎప్పుడూ కంటబడేలా రెండిటి చుట్టూ ఎర్ర పెయింటుతో రూపాయి బిళ్లంత గుండ్రాలు గీశాను. అవి ఎందుకో ఆయనకి వివరంగా చెప్పాను. ఇంకెవరికీ చెప్పాలని తోచలేదు.

మొదటి దసరాకి ఆయన భార్య ఆయుధపూజ సామాను పట్టుకుని వస్తే వెనక్కి పంపించేశాను. లారీకి చేసినట్టు దీనికి కుదరదన్నాను. ఆవిడ చాలా నొచ్చుకుంది. కాటాకీ, కొట్టు తాళాలకీ, మోటార్ సైకిల్‌కీ పూజ చేసుకునే ఇల్లు వాళ్లది. మనిషిని ఎక్కించుకుని గాల్లోకి లేచేదానికి మాత్రం బొట్టు వద్దంటే ఏ ఇల్లాలికి మనసొప్పుతుంది?

రెండో ఏడాది ఆయనే బతిమాలాడు. "ఏడాది నుంచీ నే పైకెళ్లిన ప్రతిసారీ తను అన్నం తినకుండా కూర్చుంటందండి. ఈసారికి కాదనకండి మాస్టారూ."

సరేనన్నాను, నా షరతుల మీద. కొబ్బరికాయ పదడుగుల అవతల కొట్టాలి. దండ కట్టకూడదు. ఫ్యానుకీ అద్దాలకీ ఏదీ తగలకూడదు. స్పీడు మీటరుకి ఎదురుగాలి అందించే, రెక్క కింద ముందుకు పొడుచుకొచ్చే సన్నటి గొట్టానికి నేనే గుడ్డ తొడుగు వేశాను. ఇంత జాగ్రత్త తీసుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

పొద్దున ఎనిమిదింటికి తనిఖీ మొత్తం చేసి పుస్తకంలో సంతకం పెట్టాను. బెజ్జాలు రెండూ చూశాను, శుభ్రంగా ఉన్నాయి. పదింటికి పూజ మొదలైంది. ఆవిడ వెండి గిన్నెలో పసుపు ముద్ద కలుపుకొచ్చి, "అన్నయ్యగారూ, ఎక్కడెక్కడ పెట్టమంటారు?" అని అడిగింది.

నేను కొబ్బరికాయ కొట్టే మనిషిని వెనక్కి తరిమే హడావుడిలో ఉన్నాను. "వద్దన్న చోట్లు తప్ప ఎక్కడైనా పెట్టుకోమ్మా," అన్నాను.

పదకొండుంబావుకి వర్జ్యం వస్తుందని, ఈలోపే ఒక చుట్టు ఎగరాలని పంతులుగారు తొందరపెట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. గొట్టం తొడుగు తీశాను. మళ్లీ ఒకసారి చుట్టూ తిరిగి చూడాల్సింది. సంతకం పెట్టాక యంత్రాన్ని పదిమంది ముట్టుకున్నారు. ఇరవై ఏళ్లలో ఏ కుర్ర మెకానిక్ ఆ పని చేసినా చెంప పగలగొట్టేవాణ్ణి. ఆరోజు మాత్రం టైము చూసుకుని, సంతకం ఉందిగా అనుకున్నాను.

నిమ్మకాయలు చితికాయి. విమానం చక్కగా లేచింది. రెండు తాటిచెట్ల ఎత్తుకి వెళ్లిందో లేదో, నా చేతిలో రేడియో మోగింది.

"మాస్టారూ, స్పీడు పడిపోతందండి. ముప్పై. ఇరవై. సున్నా అయిపోయిందండి."

తల పైకెత్తి చూస్తూనే ఉన్నాను. ఇంజిన్ నిండుగా పలుకుతోంది. విమానం హాయిగా ఎక్కుతోంది. నా కళ్లని నేను నమ్మి, "మీటరు చూడకండి, ముక్కు కదపకండి" అని ఉంటే సరిపోయేది. కానీ స్పీడు పడిపోతే ముక్కు దించాలని పుస్తకం. ఆ పుస్తకం నాకు కంఠోపాఠం.

"ముక్కు దించండి," అని అరిచాను.

దించాడు. కిందికి దిగేసరికి మీటరులో స్పీడు మళ్లీ వచ్చింది. పైకి లేపాడు. మళ్లీ సున్నా. "దించండి," అన్నాను మళ్లీ. మూడోసారి దించినప్పుడు కింద సుబాబుల్ తోట ఉంది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి.

అంబులెన్సులో పక్కనే కూర్చున్నాను. స్పృహలోనే ఉన్నాడు. నందిగామ దాటాక నా చెయ్యి పట్టుకున్నాడు. "మీరు సంతకం పెట్టారుగా మాస్టారూ. మరి ఏమై ఉంటదండి?" అన్నాడు. నిలదీయడం కాదది. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. విజయవాడ చేరలేదు, కీసర దగ్గరే పోయాడు.

మర్నాడు తోటలోకి వెళ్లి చూశాను. తోక భాగం చెక్కు చెదరలేదు. రెండు ఎర్ర గుండ్రాలూ అలాగే ఉన్నాయి. ఒక్కోదాని నడుమా, కొలిచి పెట్టినట్టు సరిగ్గా బెజ్జం మీదే, పసుపూ దాని మీద కుంకుమా. ఎండకి రాయిలా గట్టిపడ్డాయి. గుండ్రం ఎందుకు గీస్తారు? మన ఇళ్లలో చిన్నపిల్లనడిగినా చెబుతుంది, నడుమ బొట్టు పెట్టడానికి. కంచే చేను మేసిందంటారే, ఆ పని నా పెయింటు డబ్బా చేసింది. అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుస్తూ కూడా తుడవలేదు. సాక్ష్యం తుడిచే అలవాటు నాకు లేదు.

విచారణకి వచ్చిన అధికారులకి నేనే చూపించాను. ఎవరు పెట్టారని అడిగారు. నేనేనని చెప్పాను. వాళ్లు నన్ను ఎగాదిగా చూసి రాసుకున్నారు. సర్వీసులో ఉండగా కాగితం మీద ఒక్క అబద్ధం రాయలేదు నేను. దాని కింద కూడా సంతకం పెట్టాను.

ఆ తర్వాత నన్నెవరూ పనికి పిలవలేదు. పిలిచినా వెళ్లేవాణ్ణి కాదు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకానికి రమ్మని ఆవిడే ఫోన్ చేసింది. వెళ్లకుండా ఎగ్గొడదామని రెండు రోజులు ఆలోచించి, చివరికి బస్సెక్కాను. బంధువులంతా భోజనాలకి లేస్తుంటే ఆవిడ వచ్చి నా ముందు నిలబడింది. బాగా చిక్కిపోయింది.

"తప్పంతా మీదేనని కాగితంలో రాసారంట అన్నయ్యగారూ. మావాళ్లు చదివి చెప్పారు. అందులో ఏం రాసారో నాకొద్దు. మీరు ఆయన్ని ఎట్టా చూసుకున్నారో నాకు తెలుసు."

నేను తల దించుకున్నాను.

"ఒక్కటే అడగాలనుందండి. రాత్రిళ్లు నిద్ర పట్టట్లా. నా పూజలో ఏదన్నా లోపం జరిగిందేమోనని. మీరు వద్దన్న చోట పెట్టలేదు. కొబ్బరికాయ దూరంగానే కొట్టించా. తోక దగ్గర బొట్టు కోసం మీరు గీసిన గుండ్రాలున్నాయి చూడండి, అవి కూడా వదల్లేదు. గాలికి రాలిపోకుండా ఉంగరం వేలితో గట్టిగా అద్ది మరీ పెట్టా. నా వైపు నుంచి ఏ లోపమూ లేదు కదండీ?"

ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది.

"ఏ లోపమూ లేదమ్మా. పూజ చాలా బాగా చేశావు," అన్నాను.

ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఏడాదిగా మోస్తున్న బరువు దించుకున్నట్టు గట్టిగా ఊపిరి వదిలి, భోజనానికి లేవమంది. తానే దగ్గరుండి వడ్డించింది. వద్దంటే ఏం అనుమానపడుతుందోనని, పప్పన్నం రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాను.