బోటింగు చెరువు మధ్యలో నాన్న చెప్పిన మాట

నాకప్పుడు పదేళ్ళు... సిటీ బస్సు దిగి, నాన్న మా ఇద్దరి చేతులూ పట్టుకుని వైజాగ్‌లో ఒక పాత పార్కులోకి తీసుకెళ్ళాడు. నేనూ, మా చిన్నాన్న కూతురు రత్నం. దానికి ఆరేళ్ళు.

లోపల దొరల కాలంనాటి బోటింగు చెరువు ఉండేది. రాతి మెట్లు, పాచి పట్టిన నీళ్ళు... మేం జాలర్ల పిల్లలం, బోటు మాకు కొత్త కాదు. అయినా హంస బొమ్మల బోట్లు చూసి రత్నం గెంతులేసింది.

అంతకు నాలుగు నెలల ముందు నాన్నా, చిన్నాన్నా ఒకే పడవలో చేపల వేటకెళ్ళారు. పెద్ద అలకి పడవ తిరగబడింది. నాన్న తేలాడు... చిన్నాన్న తేలలేదు. శవం కూడా దొరకలేదు. శవం చూడకుండా బొట్టు తియ్యనంది పిన్ని.

రత్నానికి మాత్రం, మీ నాన్న ఒడిశాలో పారాదీప్ రేవుకి, పెద్ద బోటు మీద పనికెళ్ళాడని చెప్పారు. అది రోజూ సాయంత్రం ఒడ్డుకి పోయి, వచ్చిన ప్రతి పడవా చూసేది. ఒకరోజు పడవకి ఎదురెళ్ళి పీకల్లోతు నీళ్ళలోకి దిగిపోయింది. ఎవరో జుట్టు పట్టుకుని లాగారు. ఆ మర్నాడే నాన్న మమ్మల్ని ఈ పార్కుకి తెచ్చాడు.

హంస బోటు కాకుండా తెడ్లున్న బోటు అడిగి తీసుకున్నాడు. నాలుగు నెలలుగా ఆయన తెడ్డు ముట్టలేదు. చెరువు మధ్యకి వెళ్ళాక తెడ్లు ఆపేశాడు.

"రత్నం... మీ నాన్న రాడమ్మా."

"పారాదీప్ నుంచి రాడేటి పెద్నాన?"

"పారాదీప్ ఎల్లనేదు. అబద్దం సెప్పినాం. సముద్రంలో పోనాడు. నా సెయ్యి పట్టుకునే ఉన్నాడు... జారిపోనాదో, నానే ఒగ్గీసినానో నాకు తెల్దు."

చెయ్యి పట్టుకున్న సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు నాన్న. అదే మొదటిసారి... అదే ఆఖరిసారి కూడా.

పక్క బోటులో ఎవరో నవ్వుతూ నీళ్ళు చల్లుకుంటున్నారు. రత్నం బోటు అంచు మీంచి నీళ్ళలోకి వంగి చూసింది.

"సేపలు తినీసినాయా?" అనడిగింది.

నాన్న మళ్ళీ తెడ్లు అందుకున్నాడు. బోటు ఒడ్డుకి తిప్పాడు.

బయట మరమరాలతో కలిపే మురీ మిక్చర్ కొనిచ్చాడు. రత్నం ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోలేదు. ఆ పొట్లం అలాగే పట్టుకుని ఇంటికొచ్చి, "అమ్మా, నాన్న ఇంక రాడంట" అంది. పిన్ని అప్పుడు ఏడ్చింది... నాలుగు నెలల ఏడుపూ ఒక్కసారే.

నిజం చెప్పినందుకు పిన్ని రెండేళ్ళు నాన్నతో మాట్లాడలేదు. నాన్న మళ్ళీ వేటకి వెళ్ళలేదు. వన్ టౌన్ హోల్‌సేల్ కొట్లలో బస్తాలు మోశాడు, పోయేదాకా. ఆ చెయ్యి గురించి నేను ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. అడగాల్సింది...

ఇప్పుడు పిల్లలకి చావు గురించి ఎలా చెప్పాలో నేర్పేవాళ్ళున్నారు, వీడియోలున్నాయి. మా నాన్నకి అవేవీ లేవు. ఇల్లంతా ఆ అబద్ధం మీదే నడుస్తుంటే, నెమ్మదిగా ఒక మాట చెప్పుకోవడానికి నీళ్ళ మధ్య బోటు తప్ప ఆయనకి వేరే చోటు తెలియదు.

మీ ఇళ్ళల్లో ఇలాంటి మాట ఎవరు చెప్పారు... ఎక్కడ కూర్చోబెట్టి చెప్పారు? రాయగలిగితే రాయండి. వాళ్ళింకా ఉంటే మాత్రం, ముందు వెళ్ళి వాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి.