నేను గంట కొట్టి పిలిచిన రైలు

ఒక్క గంటతో ఊరు ఊరంతటినీ పరుగులు పెట్టించి, ఆ పూట నోళ్లన్నిటిలో నానిన ఆడమనిషిని మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే.

లింగంపల్లికి రెండు స్టేషన్ల అవతల మా ఊరు. స్టేషన్ అంటే పెద్దగా ఊహించుకోకండి: ఒక గది, ఒక టికెట్ల కిటికీ, వెనుక ఒక కుళాయి. నిజాం కాలంలో ఆవిరి బండ్లకు నీళ్లు పట్టడానికే ఈ స్టేషన్ కట్టారని స్టేషన్ మాస్టరు చెప్పేవాడు. ఆ బండ్లు పోయాయి, నీళ్లు మేం పట్టుకున్నాం.

గది ముందు వేలాడే రైలు పట్టా ముక్కే గంట. మాస్టరు ఇనుప కడ్డీతో దాన్ని కొట్టి కిటికీ తెరిచేవాడు. కాసేపటికి బండి వచ్చేది. ఏళ్ల తరబడి చూశాను, ఒక్కనాడూ తప్పలేదు. దాణా గంప చప్పుడుకు మా బర్రె వచ్చినట్టే గంట విని బండి వస్తుందని నాకు రూఢి అయిపోయింది.

మా ఆయన పోయిన మరుసటి ఏడాది. గచ్చిబౌలిలో కొత్తగా లేచిన ఆఫీసులో నాకు వంటపని మాట్లాడారు. తొమ్మిదింటికి లింగంపల్లి స్టేషన్ ముందు జీపు ఎక్కాలి, తప్పితే పని ఇంకొకరికి. ఎనిమిదింటి బండి రాలేదు. గంటే మోగలేదు, ఎలా వస్తుంది? మాస్టరు చూస్తే స్టేషన్ పక్కనే ఇంట్లో ఇడ్లీలు తింటున్నాడు. బండి పాపం ఎక్కడో పిలుపు కోసం నిలబడి ఉంటుందనిపించింది. కడ్డీ తీసి కొట్టాను. దూరంగా ఉందేమోనని పదిసార్లు కొట్టాను.

ఎదురుగా టీ కొట్టులో గ్లాసులు వదిలేసి జనం మూసిన కిటికీ మీద పడ్డారు. గేటు మనిషి గేటు వేసేశాడు. రోడ్డు మీద పాల వ్యాను హారన్ మోత. మాస్టరు చట్నీ చేత్తోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరండీ కొట్టింది?"

"నేనే సారూ. మీరు తింటున్నరని నేనే పిలిచిన."

"ఎవర్ని?"

"బండిని."

"పక్క స్టేషన్లో బండి బయల్దేరితే నాకు ఫోన్ వస్తుందమ్మా, అప్పుడు కొడతాను. గంట మనుషులకు, బండికి కాదు!"

"మరి డ్రైవర్‌కు ఇనబడదా?"

"అంత దూరానికా?"

"జర గట్టిగ కొడితె?"

జనం పొట్ట పట్టుకుని నవ్వారు. కూరగాయల పోచమ్మ అయితే, "ఓ ఎల్లమ్మక్కా, గట్లనే మా ఆయనను గూడ పిలువు, కల్లు దుకాణం కాడ ఉన్నడు!" అంది.

అందరూ మళ్లీ టీ కొట్టుకు వెళ్లారు. నేను ముఖం చెల్లక గది వెనుక కుళాయి దగ్గర కూర్చున్నాను. కాసేపటికి గంట మోగింది.

"ఎల్లమ్మక్క మల్ల షురూ చేసింది, కూసోండ్రి," అని టీ కొట్టు దగ్గర పోచమ్మ గొంతు.

నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి కదా, కొట్టింది నేను కాదని నాకు తెలుసు. పరుగెత్తి టికెట్ తీసుకున్నాను. కిటికీ ముందు నేనొక్కదాన్నే. బండి కూత వినబడ్డాక మిగతావాళ్లు వచ్చి పడ్డారు.

"సారూ, జల్ది ఇయ్యుండ్రి!"

"ఒక్కొక్కరే రండమ్మా!"

మా ఊళ్లో బండి నిమిషమే ఆగుతుంది. టికెట్లు అందేలోపు నన్నొక్కదాన్నే ఎక్కించుకుని కదిలింది. పోచమ్మ బుట్ట ఎత్తుకుని రైలు పెట్టె వెంట పరుగెత్తుతూ తిట్టిన తిట్లు లింగంపల్లి దాకా నా చెవుల్లో మోగాయి. జీపు దొరికింది. పనీ దొరికింది.

అందరి ముందూ ప్రమాణం చేసి చెబుతున్నాను: ఈ చేత్తో ఇక ఏ స్టేషన్ గంటా ముట్టను, ఏ బండినీ పిలవను. కాకపోతే మీరే నిదానంగా ఆలోచించండి. నేను కొట్టకముందు బండి రాలేదు, కొట్టాక వచ్చింది. కాస్త ఆలస్యమైంది, అంతే.