జేజి పసుపు, నాయన వ్యాను

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే గట్టిగా దగ్గేది మా నాయన డీజిల్ వ్యాను. పొద్దున్నే కంబదూరులో అది దగ్గితే కళ్యాణదుర్గంలో కోళ్ళు లేచేవి. దాని నల్లపొగ చూసి మబ్బు పట్టిందనుకుని రైతులు విత్తనాల బుట్టలు దించుకునేవాళ్ళు. మరీ అంత కాదంటే సగానికి తగ్గించుకోండి, నాకేం నష్టం లేదు. చుట్టుపక్కల పల్లెల్లో వేరుశెనక్కాయల మూటలు ఎత్తుకుని మిల్లుకు చేర్చడం దాని పని. మా కడుపులు నిండేది దాంతోనే.

నాయనను కన్నతల్లి, మా జేజి, ఆ వ్యానును కడగొట్టు కొడుకులా చూసుకునేది. మంగళవారం, శుక్రవారం తప్పకుండా దానికి పసుపు పూసి కుంకుమ పెట్టేది. చక్రాలు, దీపాలు, తలుపు పిడి, డీజిలు ట్యాంకు మూత, ఏదీ వదిలేది కాదు. మా ఊళ్ళో ఏ పెళ్ళికూతురూ అంత పసుపు చూసి ఉండదు.

అంత సేవ చేయించుకున్న వ్యానుకు ఒక ఏడాది మాయరోగం పట్టింది. ఇంటి దగ్గర పులిలా లేచేది. కొంతదూరం పోయాక ఆయాసపడి, గుడ్లు తేలేసి ఆగిపోయేది. నాయన దిగి డీజిలు ఉందో లేదో చూద్దామని ట్యాంకు మూత తిప్పితే లోపల్నుంచి బుస్సుమని చప్పుడు. గొట్టంలో చేరిన గాలి తీసి మళ్ళీ లేపితే ఏమీ ఎరగనట్టు పరుగు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే జేజి చేతులు జోడించి, "ట్యాంకులో నాగమ్మ తల్లి చేరుకోనుండాదిరా, ఉత్తదనుకుంటాండావా?" అని మూతకు ఇంకో పొర పసుపు దట్టించేది. వ్యాను ఇంకా తొందరగా ఆగేది. జేజి ఇంకా మందంగా పూసేది.

చివరికి నాయన విసిగిపోయాడు. "ఇంగొక్క తూరి నిలబడిపోతే పాత ఇనుము కింద అమ్మేస్తా. బళ్ళారికి పోయి యాడన్నా లారీ తోలుకుంటా," అన్నాడు. నాకు అప్పట్లో బళ్ళారి అంటే భూమి అంచు. అక్కడికి పోయిన నాయనలు తిరిగి రారని నేనే నిశ్చయించుకుని మూడు ఊళ్ళకు వినబడేట్టు ఏడ్చాను.

అమ్మేముందు చివరి ప్రయత్నంగా నాయన కళ్యాణదుర్గం నుంచి బండ్లు బాగుచేసే మేస్త్రీని ఒకాయన్ను తీసుకొచ్చాడు. నేను ఆయన్ను మామా అనేదాన్ని. మేస్త్రీ మామ ఇంజను విప్పి మా వాకిలంతా పరిచేశాడు. ఆ రోజు మేం కూర్చోవడానికి చోటులేక నిలబడే అన్నం తిన్నాం. డీజిలు వడగట్టే డబ్బాలోంచి వచ్చిన మట్టిలో మడి కట్టి వరి నాటుకోవచ్చు. అన్నీ కడిగి, అరిగినవి మార్చి, కొత్త ఆయిలు పోసి బిగించాడు. పొగ పలచబడింది, దగ్గు తగ్గింది. నాయన ముఖం వెలిగింది.

పరీక్షకు ముగ్గురం బయలుదేరాం. గుట్ట మలుపు దగ్గర వ్యాను మళ్ళీ ఆగిపోయింది. నాయన తిట్టలేదు. దిగి రోడ్డు పక్కన రాయిమీద కూర్చుని, "సాలన్నా. అమ్మేస్తా," అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

మేస్త్రీ మామ ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమంది. ఆయన తల పక్కకు వాల్చి, మూతను ఎండకు పట్టి చూసి, నా గౌనుకున్న పిన్నీసు అడిగాడు. మూతమీద ఎక్కడో పొడిచి గీకాడు. ఎర్రగా, పచ్చగా గట్టిపడిన పెచ్చు ఒకటి ఆయన అరచేతిలో పడింది. అది నేను చూశాను.

నాయన లేచి వచ్చాడు. "ఏమన్నా అది? ఎవురన్నా కావాలని మూసినారా? చెప్పు, వాళ్ళను ఊరికే ఇడ్సను!"

మామ పిడికిలి మూసేశాడు. "దుమ్మప్పా. ఈ సీమలో వానకు కరువు గానీ దుమ్ముకు కరువా?" అని దాన్ని గాలికి వదిలేశాడు. గాలి తీసి ఇంజను లేపితే, వ్యాను ఇంక ఆగే మాటే మరిచిపోయింది. మేమే బలవంతంగా దాన్ని వెనక్కి తిప్పుకొచ్చాం.

ఇంట్లో నాయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోగానే మామ జేజి ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, ఈ మూతకు సన్న చిల్లి ఉండాదే, డీజిలు తగ్గేకొద్దీ బండి గాలి పీల్చుకునేది ఈడనే. బొట్టు పక్కన పెట్టు. ముక్కుమీద పెడితే ఊపిరాడదు గదా తల్లీ." జేజి తన పచ్చటి వేళ్ళకేసి ఒకసారి చూసుకుని, వాటిని కొంగులో దాచుకుంది. కాసేపటికి లోపలికి పోయి, నాకు కూడా ఎప్పుడూ వెయ్యనంత మీగడ వేసి మజ్జిగ తెచ్చిచ్చింది.

ఆయన వెళ్ళేటప్పుడు నేను వెంటపడ్డాను. "దుమ్మని అబద్ధం చెప్పినావు గదా మామా?"

"బండి నడుస్తాండాదా లేదా పాపా? ఇంగ మీ జేజిని గూడా ఇంజను మాదిరి ఇప్పి చూడాల్నా?" అని నవ్వి పోయాడు.

నాయన బళ్ళారి పోలేదు. తన వ్యానును దుమ్ము ఎలా ముంచబోయిందో చచ్చేదాకా అందరికీ కథగా చెప్పాడు. జేజి ప్రతిసారీ శ్రద్ధగా ఊ కొట్టింది.

నాది ఊరుకునే నోరు కాదని మీకీపాటికి అర్థమై ఉంటుంది. ఎదుటివాళ్ళ పొరపాటు కనబడితే దానికి నాలుగు రంగులు పూసి నలుగురిలో చెప్పాలని నాలుక దురద పెడుతుంది. అప్పుడు గుట్ట మలుపులో మూసుకున్న ఆ మసి పిడికిలి కళ్ళముందుకొస్తుంది. చెప్పవలసిన మాట వాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళకే చెబుతాను. మిగతావాళ్ళు ఏమైందని అడిగితే, దుమ్ము అంటాను.