సీలు మీద చివరి అంకె

డెబ్బయ్యో దశకం చివర్లో నేను భిలాయిలో ఒక గూడ్స్ షెడ్డు గుమస్తాని. వచ్చిన వ్యాగన్ తలుపుకున్న సీలు నంబరు, కాగితంలోని నంబరు ఒకటేనా అని చూడడం నా పని. తేడా వస్తే ఎవరో తలుపు తెరిచి, మళ్లీ వేరే సీలు వేశారన్నమాట.

అప్పటికే నా చూపు మందగించింది. తెలిస్తే ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు పంచదార వ్యాగన్ సీలు మీద చివరి అంకె మూడని చదివాను. కాగితంలో ఎనిమిది ఉంది. ముందురోజు నుంచీ ఆ వ్యాగన్‌కి కాపలా అప్పలనాయుడు. పోలీసులు అతణ్ణి పట్టుకుపోతుంటే, "నాకేటీ తెల్దు బాబూ, మీరైనా సెప్పండి" అని నన్ను బతిమాలాడు. నేను తల వంచుకున్నాను.

మూడోరోజు అందరి ఎదుటా తలుపు తెరిచారు. బస్తాలన్నీ ఉన్నాయి. మా అధికారి సీలును వెలుతురులో పెట్టి చూసి, "అరే, యే తో ఆఠ్ హై! ఎనిమిదే ఇది! నీకు కళ్లు కనపడవా?" అని నా మీద అరిచాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పలనాయుణ్ణి వదిలేశారు. ఆ సాయంత్రమే ఖుర్సీపార్‌లో అతని ఇంటికి వెళ్లి చేతులు పట్టుకున్నాను. వాచిన మొహంతో నన్ను చూసి, "కనబడ్డం లేదని ఒక్క ముక్క అనుంటే, నేనే సదివి సెప్పీవోడ్ని కదా బాబూ" అన్నాడు.

వీధిలో పిల్లలు దొంగ కూతురని తన కూతుర్ని ఏడిపిస్తుంటే భరించలేక, నెల తిరక్కుండానే పని మానేసి శ్రీకాకుళం వైపు వెళ్లిపోయాడు. నాకు కళ్లజోడు పెట్టించి, వేరే సీట్లో కూర్చోబెట్టారు. నేను భయపడినట్టు నా ఉద్యోగం పోలేదు. పోయింది అతనిది.